మెక్సికన్ హోటల్లో పెళ్లిచూపులు

మా హోటల్లో గుమ్మం పక్కన నిలబెట్టిన జెముడు చెట్టు థర్మాకోల్‌తో చేసింది. ఫిల్మ్ నగర్‌లో సినిమాలకు సెట్లు వేసే ఆర్ట్ డైరెక్టర్ ఒకాయన మా ఓనరుగారికి స్నేహితుడు. ఆయనే వచ్చి, జూబ్లీహిల్స్‌లోని ఒక పాత బంగళాను చూస్తుండగానే మెక్సికో చేసేశాడు. గోడలకు పసుపు, ఎరుపు రంగులు. వాటి మీద గొడుగంత టోపీలు. మూల మూలనా మట్టికుండలు. వంటింటి వెనక తలుపు తీస్తే బండరాళ్ల మధ్య అసలు జెముడు డొంకలు కావలసినన్ని ఉండేవి. వాటివైపు ఎవరూ చూసేవారు కాదు. లోపలి థర్మాకోల్ చెట్టు పక్కన మాత్రం వరసలో నిలబడి ఫొటోలు దిగేవారు.

ఇప్పుడు హోటల్ ఉద్యోగాల్లోకి వస్తున్న పిల్లలు ఎప్పుడైనా కలిస్తే, "అంకుల్, మీరు మర్చిపోలేని టేబుల్ ఏది?" అని అడుగుతుంటారు. హీరోల పేర్లు చెబుతానని వాళ్ల ఆశ. హీరోలు వచ్చేవారు, నిజమే. సూపు తాగి వెళ్లిపోయేవారు. నేను మర్చిపోలేనిది మాత్రం ఒక లెక్కల లెక్చరరు, ఒక డబ్బింగ్ ఆర్టిస్టు కూర్చున్న టేబుల్. తొంభైల మధ్యలో, వానాకాలంలో, ఒక ఆదివారం మధ్యాహ్నం.

నేను తెనాలి నుంచి సినిమా వేషాల కోసం వచ్చినవాణ్ణి. మోతీనగర్‌లో గది, చేతిలో ఫొటోల కవరు, కాళ్లకు అరిగిన చెప్పులు. వేషాలు రాలేదు గానీ, నిటారుగా నిలబడి నవ్వుతూ మాట్లాడ్డం అప్పటికే వచ్చేసింది కాబట్టి హోటల్లో ఉద్యోగం దొరికింది. కొన్నేళ్లకు కెప్టెన్‌ని అయ్యాను. మా పనిలో కెప్టెన్ అంటే ఆర్డరు తీసుకుని, వెయిటర్లను నడిపించి, టేబుల్ దగ్గర ఏది చెడినా మాట పడేవాడు.

మా వంటమాస్టరు షేక్‌పేట మనిషి. అంతకుముందు పెళ్లిళ్లకు పెద్దపెద్ద దేగిసాల్లో బిర్యానీ వండేవాడు. ఓనరుగారు ఆయన్ను బొంబాయి పంపి ఈ వంట నేర్పించి తెచ్చారు. తిరిగొచ్చిన రోజున నేను భయంభయంగా, "కష్టంగా ఉందా మాస్టారూ?" అని అడిగితే తేలిగ్గా చెయ్యి ఊపాడు.

"మక్కరొట్టె, రాజ్మా, మిరపకాయ. ఇగ ఫరక్ ఏడున్నది సార్? పేర్లే జర నోరు తిరుగుతలేవు."

ఆ ఫరక్ కొన్నిచోట్ల బాగానే తెలిసేది. మొక్కజొన్న అప్పడాల మీద చీజ్ కరిగించి పోసే నాచోస్ అద్భుతంగా చేసేవాడు. వాటికోసమే ఆదివారాలు జనం గేటు బయట నిలబడేవారు. అవకాడో పండుతో చెయ్యాల్సిన పచ్చడి ఒకటి ఉంది. ఆ పండు అప్పట్లో మాకు దొరికేది కాదు. మాస్టారు పచ్చిబఠాణీలు ఉడకబెట్టి, మెత్తగా రుబ్బి, నిమ్మకాయ పిండి పంపేవాడు. ఒక నిర్మాతగారు దాన్ని రెండుసార్లు అడిగి వేయించుకుని, "ఈ మెక్సికో వాళ్ల పచ్చడి మా అత్తగారి బఠాణీకూర లాగే ఉందయ్యా," అన్నారు. మెచ్చుకున్నారో తిట్టారో మాకు ఇప్పటికీ తేలలేదు.

ఇక టాకో. గట్టి అప్పడాన్ని మధ్యకు మడిచి, ఆ మడతలో కూర, ఆకులు, టమాటా పచ్చడి కూరితే అదే టాకో. కొరికితే పగులుతుంది. పగిలితే లోపలిదంతా ఒళ్లో పడుతుంది. మా హాల్లో దాన్ని అందంగా తిన్నవాళ్లను నేను చూడలేదు.

ఆ ఆదివారానికి ముందు రోజు మధ్యాహ్నం, భోజనాల రద్దీ తగ్గి హాలు ఖాళీ అయిన వేళ, ఒక అమ్మాయి ఒక్కతే వచ్చింది. నూలు చీర, భుజానికి గుడ్డసంచీ. మామూలు ముఖం. నోరు తెరవగానే మాత్రం ఉలిక్కిపడ్డాను. ఆ గొంతు నాకు బాగా తెలుసు. థియేటర్లో, రేడియోలో, టీ బంకుల్లో అన్నిచోట్లా విన్నదే. కొత్తగా వస్తున్న హీరోయిన్లకు తెలుగు రాదు. వాళ్ల పెదవుల మీద మాట్లాడేది ఈ అమ్మాయి.

"రేపు మధ్యాహ్నం మా బంధువుల పేరు మీద ఆరుగురికి టేబుల్ చెప్పారండీ. అది నా పెళ్లిచూపులు," అంది.

"అలాగే అమ్మా. కిటికీ పక్కన ఇస్తాను."

"కిటికీ సంగతి కాదండీ. అబ్బాయికి తినడానికి బాగా కష్టమైనది ఏదైనా పెట్టాలి మీరు."

నాకు అర్థం కాలేదు. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుని వివరంగా చెప్పింది. ఇంతకుముందు వచ్చిన సంబంధాల వాళ్లందరూ ఇంటికే వచ్చారు. కాఫీ తాగారు. కాసేపటికి ఎవరో ఒకరు, "ఏదీ, ఆ సినిమాలో హీరోయిన్ చెప్పింది చెప్పమ్మా ఒకసారి," అనేవారు. ఆమె చెప్పేది. చప్పట్లు కొట్టేవారు. పెళ్లికొడుకు ఆమె వైపు కాక, ఆ గొంతులో కనబడే హీరోయిన్ వైపు చూసి నవ్వేవాడు.

"ఈసారి ఇంట్లో వద్దన్నాను. మాటలు ఎవరైనా బాగా చెప్తారండీ. నేను రోజూ చెప్పేది అదేగా, ఎవరో రాసిచ్చినవి. నోట్లో ముద్ద ఉండగా చొక్కా మీద పచ్చడి పడిందనుకోండి, అప్పుడు తెలుస్తుంది మనిషి సంగతి."

ఆ మాట నాకు నచ్చింది. హాల్లో అన్నేళ్లు నిలబడి నేను తెలుసుకున్నదీ అదే. టాకో గురించి చెప్పాను. ఒకటి తెప్పించుకుని కొరికి చూసింది. సగం ఆమె సంచీలో పడింది. "ఇదే," అంది సంతోషంగా. "నేను వచ్చానని మాత్రం ఎవరికీ చెప్పకండి." చెప్పనని మాటిచ్చాను.

ఆమె వెళ్లిన కాసేపటికి ఒక కుర్రాడు వచ్చాడు. కళ్లద్దాలు, ఇస్త్రీ చొక్కా, జేబు అంచున సుద్దముక్క మరక. థర్మాకోల్ చెట్టును ఒకసారి వేలితో నొక్కి చూసి, నా దగ్గరికి వచ్చాడు.

"సార్, జర ఒక మాట. ఈడ అన్నిటికన్న తినుడు కష్టమైంది ఏది?"

ఒకే రోజు ఇద్దరు అదే మాట అడిగేసరికి తెల్లబోయాను. "ఎందుకండీ?" అన్నాను.

"రేపు మాకు ఈడ ఒక ముఖ్యమైన పని ఉన్నది. వాళ్లు ఫిల్మ్ నగర్ వాళ్లు, గిసుంటియి అలవాటుంటది. నేను కాలేజీల లెక్కలు చెప్తా. మాకు గివన్ని తెల్వయ్. మా నాయినమ్మ గూడ వస్తది. ఆమెను చూసి ఎవలన్న నవ్వితే నేను ఓర్వ. నేను ముందుగాల నేర్చుకుంటె ఆమెకు చూపిస్త."

"అయితే తేలికైనది చెప్తాను."

"వద్దు సార్, కష్టమైందే తెండ్రి. గది వస్తె మిగిలినయి అవే వస్తయ్. మా పిల్లలకు లెక్కలు గట్లనే చెప్త."

అడిగినదానికి నిజం చెప్పాలి కాబట్టి టాకో తెచ్చాను. మొదటిది రెండు ముక్కలై పళ్లెంలో పడింది. రెండోది చేతిలోనే పొడి అయింది. వంటమాస్టరు తలుపు సందులోంచి చూస్తూ, అడక్కుండానే ఇంకోటి పంపాడు. అప్పుడు నేను నేర్పాను: "దాన్ని వంచకండి. అది తిన్నగా ఉండాలి. మీ తల పక్కకు వంచండి." అతను తల వంచి, ఓ పక్క నుంచి కొరికాడు. ఒక్క ముక్క కింద పడలేదు. ఏదో పెద్ద లెక్క తేలినట్టు కళ్లు మెరిశాయి.

వెళ్తూ వెళ్తూ, "రేపు నన్ను గుర్తువట్టనట్టు ఉండుండ్రి సార్," అన్నాడు. సరేనన్నాను.

అలా ఇద్దరికీ మాటిచ్చి ఇరుక్కుపోయాను. ఆమె పెట్టబోయే పరీక్షకు అతను ముందే తయారయ్యాడు. ఆమెకు చెబితే అతనికి ద్రోహం. చెప్పకపోతే ఆమె చూడాలనుకున్నది చూసే వీలుండదు. వంటింట్లోకి వెళ్లి మాస్టారుతో మొరపెట్టుకున్నాను. ఆయన ఉల్లిపాయలు తరుగుతూ తలెత్తకుండానే, "నువ్వు ప్లేట్లు మొయ్యి సార్. పెండ్లి సంగతి వాళ్లు చూసుకుంటరు," అన్నాడు.

ఆదివారం తెల్లవారినప్పటి నుంచీ ఒకటే వాన. అయినా హాలు నిండిపోయింది. ఓనరుగారు నన్ను పక్కకు పిలిచి, "కిటికీ పక్క టేబుల్ జాగ్రత్త. ఆ పెళ్లికూతురి తండ్రి పెద్ద మేకప్ మ్యాన్. ఆయన మాట ఫిల్మ్ నగర్‌లో అందరూ వింటారు. బాగాలేదని ఆయన ఒక్కచోట అన్నాడంటే మన గేటు దగ్గర ఎవరూ నిలబడరు. తేడా వస్తే రేపట్నుంచి నువ్వూ నిలబడక్కర్లేదు," అన్నారు.

ఒకవైపు అమ్మాయి, తల్లి, తండ్రి. రెండోవైపు అబ్బాయి, అతని నాయనమ్మ, మేనమామ. అబ్బాయి తల్లిదండ్రులు సిద్దిపేటలో ఉండిపోయి, ముందు మీరు చూసి రండని వీళ్లను పంపారు. నాయనమ్మ తడిసిన చెప్పులు గుమ్మం దగ్గరే విడిచి, గోడల మీది టోపీలు చూస్తూ నెమ్మదిగా వచ్చి కూర్చుంది. "గిన్ని టోపీలు పెట్టిన్రు, గొడుగులు పెడితే పుణ్యముండు," అంది.

నేను ఎవరినీ ఎరగనట్టు నవ్వాను. అమ్మాయి నన్ను చూసి చూపు తిప్పుకుంది. అబ్బాయి నన్ను చూసి చూపు తిప్పుకున్నాడు. వేషాలు దొరకని నాకు ఆ రోజు దొరికిన వేషం చిన్నదేం కాదు.

"అందరికీ టాకోలు తీసుకురండి," అంది అమ్మాయి నిశ్చయంగా.

"అవునవును, టాకోలే మంచిగుంటయట," అన్నాడు అబ్బాయి అంతే నిశ్చయంగా.

వంటింట్లోకి వెళ్లేసరికి మాస్టారు తల పట్టుకుని ఉన్నాడు. "వానకు టాకో అప్పడాలన్ని మెత్తవడ్డయ్ సార్. మల్ల నూనెల ఏస్తే చూరచూరైతున్నయ్. నాచోస్ అప్పడాలు డబ్బాల ఉండి బతికినయ్ గని, టాకో కాదు ఇయ్యాల."

తిరిగొచ్చి, వినయంగా, టాకోలు లేవని చెప్పాను. అమ్మాయి ముఖం, అబ్బాయి ముఖం ఒక్కసారే వాడిపోయాయి. ఒక అప్పడం లేనందుకు వీళ్లకు ఇంత దిగులెందుకో పెద్దవాళ్లెవరికీ అర్థం కాలేదు. "పోనీలేమ్మా, వేరేది తిందాం," అని మేకప్ మ్యాన్ గారు కూతురి చెయ్యి తట్టారు కూడా.

ముందు నాచోస్ పంపాను. నాయనమ్మ ఒకటి కొరికి, "అప్పడాలు మంచిగున్నయ్," అని పళ్లెం తన వైపు లాక్కుంది. మేకప్ మ్యాన్ గారి మీసానికి చీజ్ తీగలు అంటుకుని ఎంత లాగినా తెగలేదు. ఎన్ని ముఖాలకు ఎన్ని మీసాలు అంటించారో, తన మీసం దగ్గర ఓడిపోయారు. బఠాణీ పచ్చడి ఎవరూ ముట్టుకోలేదు. మిరపకాయ పచ్చడి మేనమామగారు చెంచాడు తిని, గ్లాసుడు నీళ్లు తాగి, మళ్లీ తిన్నారు. మా హోటల్ ఎప్పుడూ అంతే. ఒకటి గెలిస్తే ఒకటి ఓడేది.

తర్వాత బరీటో పంపాడు మాస్టారు. అది మెత్తని రొట్టెలో అన్నం, రాజ్మా, చీజ్ పెట్టి చుట్టిన లావుపాటి చుట్ట. దాన్ని నిలువుగా పట్టుకుని పైనుంచి తినాలి. పక్కకు వంచితే కింది కొస విడిపోతుంది. నిన్న నేర్పని పాఠం అది. నేను చెప్పేలోపు అబ్బాయి దాన్ని రెండు చేతులా అడ్డంగా పట్టుకుని, నిన్నటి లాగే తల పక్కకు వంచాడు.

సరిగ్గా అప్పుడే మేనమామగారు మూతి తుడుచుకుని అమ్మాయి వైపు తిరిగారు. "బిడ్డా, నువ్వు సిన్మాలల్ల హీరోయిన్లకు మాటలు చెప్తవట గద. ఏదీ, ఒక్క డైలాగు చెప్పరాదు, మేము గూడ వింటం."

అమ్మాయి చేతిలో ముద్ద ఆగిపోయింది. తల్లి ముఖంలో, ఇది మొదలైందన్నమాట, అన్న అలసట కనబడింది. అమ్మాయి గొంతు సవరించుకోబోయింది.

అబ్బాయి తల వంచినవాడు వంచినట్టే మేనమామ వైపు తిరిగాడు. "మామా, ఆమె తింటున్నది గదనే. జర తిననియ్యరాదే."

ఆ తిరగడంలో బరీటో కింది కొస తెరుచుకుంది. రాజ్మా, అన్నం, చీజ్ అన్నీ కలిసి అతని చొక్కా మీదుగా, జేబులోకి, ఒళ్లోకి దిగాయి. అతను చేతిలో మిగిలిన ఖాళీ రొట్టె వంక చూసుకున్నాడు. ఎంతో బాధగా అన్నాడు:

"నిన్న మంచిగనే తిన్న గద!"

"నిన్ననా?" అన్నారు మేకప్ మ్యాన్ గారు.

దాచడం అతనికి చేతకాదు. "నిన్న ఒచ్చి ప్రాక్టీస్ చేసినండి. ఈ సార్ నేర్పిండు," అని నావైపు చూపించాడు. అందరూ నావైపు తిరిగారు. ఇప్పుడు ఏ ముఖం పెట్టాలో నాకు తెలియలేదు. అంతలో అమ్మాయి నవ్వింది. సినిమాల్లో ఆమె నవ్వు అందరం విన్నాం. గలగలా, కొలిచినట్టు ఉంటుంది. ఇది అది కాదు. ముక్కులోంచి బుర్రుమని వచ్చి, ఆగి, మళ్లీ వచ్చి, కళ్లలో నీళ్లు తెప్పించే నవ్వు. తల్లి కంగారుగా మోచేత్తో పొడిచింది. ఆమె ఆపలేకపోయింది.

"నేను కూడా నిన్న వచ్చానండీ," అంది ఎలాగో. "మీకు కష్టమైనది పెట్టమని చెప్పడానికి."

"గందుకేనా ఈ సార్ నాకు గదే తెచ్చింది?"

"మీరు అడిగారని తెచ్చానండీ," అన్నాను, ఇద్దరికీ సరిపోయేటట్టు.

నాయనమ్మ ఒకరి తర్వాత ఒకరిని చూసింది. నాచోస్ పళ్లెం పక్కకు జరిపింది. "ఇద్దరు నిన్ననే ఒచ్చిన్రు. నిన్ననే చూసుకుంటె అయిపోతుండె. గింత వానల మమ్ముల ఎందుకు తీస్కొచ్చిన్రు మల్ల?"

ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. మేకప్ మ్యాన్ గారు మీసం మరిచిపోయి నవ్వారు. మేనమామగారు టేబుల్ మీద చరిచి నవ్వారు. గొడవ అయిందనుకుని పరుగున వచ్చిన ఓనరుగారు, ఏమైందో తెలియకుండానే వాళ్లతో కలిసి నవ్వడం మొదలుపెట్టారు. అమ్మాయి తన చేతిరుమాలు అబ్బాయికి ఇచ్చింది. అతను దానితో ముందు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. చొక్కా అలాగే ఉంది.

నాయనమ్మ నన్ను దగ్గరికి పిలిచింది. "బిడ్డా, కడుపుల మంటగున్నది. జర పెరుగన్నం పెట్టు."

మెక్సికన్ హోటల్లో పెరుగన్నం ఎక్కడిదని ఓనరుగారు నావైపు చూశారు. వంటింట్లోకి పోతే మాస్టారు అసలు తడబడలేదు. "టాకోల మీద ఏసే ఆ తెల్ల క్రీము అంటె ఏంది సార్? పెరుగే గద. నేనే బట్టల గట్టి నీళ్లు తీసిన. నీళ్లు పోస్తె మల్ల పెరుగైతది." అందులో అన్నం కలిపి, మిరపకాయ, కొత్తిమీర తరిగి వేసి, రంగురంగుల మెక్సికన్ గిన్నెలో పంపాడు. నాయనమ్మ మొత్తం తినేసి, "ఈడ అన్నిట్ల గిదే మంచిగున్నది," అంది. పక్క టేబుల్ వాళ్లు విని, అదేమిటో మాకూ కావాలన్నారు. మరుసటి వారం ఓనరుగారు దానికి పలకలేని పేరొకటి పెట్టి మెనూలో చేర్చారు. మా హోటల్లో నాచోస్ తర్వాత ఎక్కువ అమ్ముడుపోయింది అదే.

లేచేముందు నాయనమ్మ అమ్మాయి గడ్డం పట్టుకుని సూటిగా అడిగింది. "మావోడు ఎట్లున్నడు బిడ్డా? చొక్కా సంగతి ఇడిసిపెట్టు."

అమ్మాయి ఒక్క క్షణం ఆలోచించింది. ఆ గొంతుతో ఎంత బాగా చెప్పగలదో మా అందరికీ తెలుసు. అలాంటిదేమీ చెప్పలేదు.

"టాకోలు ఉన్న రోజు ఇంకోసారి వస్తామండీ. మేమిద్దరమే."

వచ్చారు. ఎండ కాసిన ఆదివారం చూసుకుని వచ్చారు. అప్పడాలు గట్టిగా ఉన్నాయి. తల వంచడం అతను ఆమెకు నేర్పాడు. ఆమెకు రాలేదు. చాలాసేపు కూర్చున్నారు. నేను నీళ్లు పొయ్యడానికి కూడా ఎక్కువగా ఆ వైపు వెళ్లలేదు. పిల్లలూ, మన పనిలో ప్లేటు ఎప్పుడు తీసుకెళ్లాలో ఎవరైనా నేర్పుతారు. ఎప్పుడు దూరంగా నిలబడాలో మాత్రం ఇలాంటి టేబుల్సే నేర్పుతాయి.

పెళ్లి మోతీనగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. నన్నూ మాస్టారునీ శుభలేఖ ఇచ్చి మరీ పిలిచారు. మాస్టారు తెల్ల లాల్చీ వేసుకొచ్చి, ముందుగా వంటశాలలోకి తొంగి చూసి, "మసాల తక్కువ ఏసిన్రు," అని తీర్పు చెప్పాడు. బంతిలో ఆకుల ముందు కూర్చున్నాం. ఎవరో వడ్డిస్తుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నేను ఇబ్బంది పడుతున్నాను. ఇంతలో వడ్డించేవాళ్ల చేతిలోంచి గిన్నెలు లాక్కుని పెళ్లికూతురు, పెళ్లికొడుకు మా వరసలోకి వచ్చారు. ఆమె పప్పు వడ్డించింది. అతను నెయ్యి వేశాడు. ఆమె నా ముందు వంగి, "ఎలా ఉందండీ?" అని అడిగింది.

అన్నేళ్లుగా రోజూ వందమందిని నేనడిగిన మాట అది. నన్ను ఎవరూ అడగలేదు. మాస్టారు మోచేత్తో పొడిచాడు, బాగుందని చెప్పమని. నాకెందుకో ఆ రోజు అచ్చం కస్టమరులా ఉండాలనిపించింది.

"పప్పులో ఉప్పు కొంచెం తగ్గిందమ్మా," అన్నాను.

పెళ్లికొడుకు నెయ్యి గిన్నె కింద పెట్టి, పట్టుపంచె పైకి ఎగ్గట్టుకుని, ఉప్పు కోసం వంటశాల వైపు పరుగెత్తాడు.